సెల్టిక్స్ ఫార్వర్డ్‌లను తరాలు దాటి పోల్చడం ఎలా?

శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి కాలేజీ గ్రౌండుల్లో బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్లు అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లోని బోస్టన్ సెల్టిక్స్ జట్టు గురించి మాట్లాడుకుంటే చివరికి తేలేది ఒకటే వాదన: 1980ల నాటి లారీ బర్డ్ గొప్పా, ఇప్పటి జేసన్ టేటమ్ గొప్పా? "మూడు పాయింట్ల షాటే సరిగా వాడని రోజుల్లో ఆడినోడితో ఇప్పటోడికి పోలికేటి?" అని ఒకరు, "కప్పులెన్ని, ఎంవీపీలెన్ని, అది చెప్పు ముందు" అని ఇంకొకరు (ఎంవీపీ అంటే సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు). ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు, అందుకే వాదన తెగదు.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఆ 240 పక్కన "69 కిలోల విభాగం" అని రాయకుండా ఆ అంకెను ఇంకో లిఫ్టర్ అంకెతో ఎవరూ పోల్చరు. బాస్కెట్‌బాల్ ఆటగాడికి అలాంటి విభాగమే అతను ఆడిన సీజన్. ఏ అంకె రాసినా పక్కనే ఆ ఏడు లీగ్ మొత్తం సగటు రాయాలి. ముందు ఆటగాడిని అతని కాలంవాళ్ల పక్కన నిలబెట్టాలి, ఆ తర్వాతే మరో కాలంవాడి పక్కన. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి. కావాల్సినవి ఒక లాంగ్ నోట్‌బుక్, క్యాలిక్యులేటర్, 10 మీటర్ల స్టీల్ టేపు, సుద్దముక్కలు. ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే నోట్‌బుక్ కూడా అక్కర్లేదు.

1. ముందు ప్రశ్నను తెగ్గొట్టుకోండి

"ఎవరు గొప్ప" అనే మాటలో కనీసం మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. తన అత్యుత్తమ సీజన్‌లో ఎవరు ఎక్కువ ఎత్తుకు వెళ్లారు? మొత్తం కెరీర్‌లో జట్టుకు ఎవరు ఎక్కువ ఇచ్చారు? ఒక్క మ్యాచ్ గెలవాలంటే ఎవరిని దింపుతారు? మొదటిదానికి బర్డ్ అని చెప్పినవాడే రెండోదానికి పాత తరం సెల్టిక్స్ ఆటగాడు జాన్ హావ్లిచెక్ అనవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో పేజీ పైన రాసుకోండి. లెక్క మధ్యలో ప్రశ్న మారితే ఆ పేజీ పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టండి.

2. ఎవరెవరిని తీసుకోవాలి

సెల్టిక్స్ చరిత్రలో ఫార్వర్డ్‌లుగా (రింగ్ దగ్గరా, పక్కల నుంచీ ఆడేవాళ్లు) ఈ పేర్లు తప్పకుండా ఉండాలి: టామ్ హైన్సన్ (1956-57 నుంచి 1964-65), జాన్ హావ్లిచెక్ (1962-63 నుంచి 1977-78), లారీ బర్డ్ (1979-80 నుంచి 1991-92), కెవిన్ మెక్‌హేల్ (1980-81 నుంచి 1992-93), పాల్ పియర్స్ (బోస్టన్‌లో 1998-99 నుంచి 2012-13), జేసన్ టేటమ్ (2017-18 నుంచి).

బిల్ రస్సెల్, డేవ్ కవెన్స్, రాబర్ట్ పారిష్ రింగ్ కిందే ఎక్కువగా ఆడే సెంటర్లు కాబట్టి ఇక్కడికి రారు. హావ్లిచెక్ బంతిని నడిపించే గార్డుగానూ ఆడాడు, ఫార్వర్డ్‌గానూ ఆడాడు. అతన్ని తీసేస్తే పోలికకు అర్థమే ఉండదు కాబట్టి ఉంచాలి. కెవిన్ గార్నెట్ దగ్గర చాలామంది పొరబడతారు. అతను మహా ఆటగాడే. కానీ బోస్టన్‌లో ఆడింది ఆరు సీజన్లు, తన గొప్ప స్కోరింగ్ ఏళ్లు మిన్నెసోటాలో గడిచిపోయాయి. "ఒకే జట్టు" అని నియమం పెట్టుకున్నాక వేరే జట్టులో చేసినవి కలపకూడదు. పియర్స్‌కైనా బోస్టన్ తర్వాతి ఏళ్లు తీసేయాలి.

3. కాలాల పట్టిక గీయండి

ఈ పట్టిక లేకుండా ముందుకు వెళితే తర్వాతి లెక్కలన్నీ పక్కదారి పడతాయి. ఎడమ వైపు సంవత్సరం, కుడి వైపు ఆ ఏడు ఏం మారిందో రాయండి.

1954-55: 24 సెకన్ల గడియారం వచ్చింది, అంటే బంతి అందాక ఆ లోపే షాట్ వేయాలి. పైన చెప్పిన ఆరుగురూ దాని తర్వాతివాళ్లే కాబట్టి కనీసం ఈ ఒక్క విషయంలో అందరూ సమానం.
1964-65: రింగ్ కింది లేన్ వెడల్పు 12 అడుగుల నుంచి 16 అడుగులకు పెరిగింది. హైన్సన్ తన తొమ్మిది సీజన్లలో ఎనిమిది ఇరుకు లేన్‌లోనే ఆడాడు.
1967-68: సీజన్‌కు 82 మ్యాచ్‌లు అయ్యాయి. హైన్సన్ తొలి సీజన్‌లో 72 మాత్రమే.
1973-74: స్టీళ్లు (ప్రత్యర్థి బంతిని లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ను అడ్డుకోవడం) లెక్కించడం మొదలైంది. రీబౌండ్లను (తప్పిన షాట్ బంతిని పట్టడం) అటాక్, డిఫెన్స్ అని విడదీయడం కూడా అప్పటి నుంచే.
1977-78: బంతి పోగొట్టుకున్న లెక్క, అంటే టర్నోవర్లు, మొదలైంది.
1979-80: మూడు పాయింట్ల గీత వచ్చింది. బర్డ్ తొలి సీజన్ ఇదే. 1979 అక్టోబర్ 12న లీగ్‌లో మొదటి మూడు పాయింట్ల షాట్ వేసిన పేరు సెల్టిక్స్‌ ఆటగాడు క్రిస్ ఫోర్డ్‌దే.
2001-02: జోన్ డిఫెన్స్‌కు (ఒక మనిషిని కాకుండా ఒక చోటును కాపాడడం) అనుమతి ఇచ్చారు.
2004-05: బయటి ఆటగాడిని చేత్తో ఆపే డిఫెన్స్‌పై రిఫరీలు కఠినంగా ఈల వేయడం మొదలుపెట్టారు. జట్లు కూడా 30 అయ్యాయి.

స్టీళ్ల వరుస దగ్గర ఒక్క క్షణం ఆగండి. సెల్టిక్స్ చరిత్రలో అందరికన్నా పేరుపడ్డ స్టీల్ 1965 ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాతో నాకౌట్ సిరీస్‌లోని ఏడో, ఆఖరి మ్యాచ్‌లో హావ్లిచెక్ చేసినది. ఒక్క పాయింటు ఆధిక్యంతో, చివరి క్షణాల్లో, ప్రత్యర్థి లోపలికి విసిరిన బంతిని తట్టేశాడు. స్కోరు 110-109. ఆ స్టీల్ ఏ అధికారిక గణాంకాల్లోనూ లేదు, ఎందుకంటే అప్పటికి స్టీళ్లు లెక్కపెట్టేవారు కాదు. కాబట్టి పాతవాళ్ల వరుసలో అంకె లేనిచోట సున్నా వేయకండి, అడ్డగీత పెట్టండి. ఎక్సెల్‌లో ఖాళీ గడిని సున్నాగా తీసుకునే సూత్రాలు కొన్ని ఉంటాయి. సగటు తీసే ముందు ఆ ఒక్కటి చూసుకోండి.

4. పాయింట్ల లెక్క

హైన్సన్ తప్ప మిగతా ఐదుగురి నుంచి ఒక్కో గొప్ప సీజన్ తీసుకుందాం. మ్యాచ్‌కు సగటు పాయింట్లు, పక్కన ఆ ఏడు లీగ్‌లో ఒక జట్టు మ్యాచ్‌కు సగటున చేసిన పాయింట్లు:

హావ్లిచెక్, 1970-71: 28.9 (లీగ్ 112.4)
బర్డ్, 1986-87: 28.1 (లీగ్ 109.9)
మెక్‌హేల్, 1986-87: 26.1 (లీగ్ 109.9)
పియర్స్, 2005-06: 26.8 (లీగ్ 97.0)
టేటమ్, 2022-23: 30.1 (లీగ్ 114.7)

పైపైన చూస్తే టేటమ్ మొదట, పియర్స్ నాలుగు. సెల్టిక్స్ తరఫున సీజన్ మొత్తం మీద 30కి పైగా సగటు సాధించిన మొదటివాడు టేటమే, ఆ ఘనత అతనిదే. ఇప్పుడు ఆటగాడి సగటును లీగ్ సగటుతో భాగించి 100తో గుణించండి. హావ్లిచెక్ 25.7, బర్డ్ 25.6, మెక్‌హేల్ 23.7, పియర్స్ 27.6, టేటమ్ 26.2. వరుస తలకిందులైంది. జట్లు కిందామీదా పడి 97 పాయింట్లు చేసే రోజుల్లో పియర్స్ ఒక్కడే 26.8 చేశాడు. ఆ ఏళ్ల సెల్టిక్స్ మ్యాచ్‌లు చూసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

ఇక్కడితో ఆగితే ఇంకో తప్పు జరుగుతుంది. నిమిషాలు చూడాలి. ఆ సీజన్లలో మ్యాచ్‌కు హావ్లిచెక్ 45.4 నిమిషాలు, బర్డ్ 40.6, మెక్‌హేల్ 39.7, పియర్స్ 39.0, టేటమ్ 36.9 నిమిషాలు ఆడారు. 36 నిమిషాలకు సరిచేయడానికి పాయింట్లను 36తో గుణించి ఆడిన నిమిషాలతో భాగించండి. తర్వాత మళ్లీ లీగ్ సగటుతో భాగించండి. ఇప్పుడు టేటమ్ 25.6, పియర్స్ 25.5, బర్డ్ 22.7, మెక్‌హేల్ 21.5, హావ్లిచెక్ 20.4.

హావ్లిచెక్ అట్టడుక్కి పోయాడు. అది న్యాయమా? పూర్తిగా కాదు. 48 నిమిషాల మ్యాచ్‌లో రెండున్నర నిమిషాలు మాత్రమే కూర్చుని, 81 మ్యాచ్‌ల పాటు రెండు వైపులా పరుగెత్తడం కూడా ఆటలో భాగమే. 36 నిమిషాల లెక్క ఆ సత్తాను తుడిచేస్తుంది. నిమిషాలు సరిచేయని లెక్క షాట్ వేసే చేతిని, సరిచేసిన లెక్క అలసిపోని ఊపిరితిత్తులను కొలవదు. రెండు వరుసలూ పక్కపక్కనే ఉంచండి, ఒకటి చూపించి ఇంకొకటి దాచకండి.

పాయింట్లలో వాటా పెరగడానికి పక్కనున్నవాళ్లు బలహీనం కావడం కూడా కారణం కావచ్చు. 2005-06లో పియర్స్ జట్టు 33 గెలిచి 49 ఓడింది, బంతి అతని చేతికి రాక తప్పని పరిస్థితి. 1986-87లో బర్డ్ 28.1 చేసిన జట్టులోనే మెక్‌హేల్ 26.1 చేశాడు, పక్కన పారిష్ ఉన్నాడు. కాబట్టి బర్డ్ వాటా తక్కువగా కనిపించడం అతని లోపం కాదు. ఈ చిక్కు విప్పడానికే తర్వాతి మెట్టు.

5. ఎన్ని షాట్లకు ఎన్ని పాయింట్లు

మామూలు షూటింగ్ శాతం మూడు పాయింట్ల షాట్‌ను, రెండు పాయింట్ల షాట్‌ను ఒకేలా చూస్తుంది, ఫ్రీ త్రోలను (ఫౌల్‌కు ప్రతిగా, ఎవరూ అడ్డుకోకుండా వేసే ఒక పాయింటు షాట్లు) అసలు చూడదు. ట్రూ షూటింగ్ శాతం ఈ మూడింటినీ కలుపుతుంది. సూత్రం ఇది: పాయింట్లు ÷ (2 × (షాట్లు + 0.44 × ఫ్రీ త్రోలు)). షాట్లు, ఫ్రీ త్రోలు అంటే ఇక్కడ పడ్డవి మాత్రమే కాదు, చేసిన ప్రయత్నాలన్నీ.

బర్డ్ 1986-87 తీసుకుని చేతితో చేసి చూడండి. 74 మ్యాచ్‌ల్లో 2,076 పాయింట్లు, 1,497 షాట్లు, 455 ఫ్రీ త్రోలు. 455ను 0.44తో గుణిస్తే 200.2. దానికి 1,497 కలిపితే 1,697.2. రెండింతలు 3,394.4. 2,076ను దానితో భాగిస్తే 0.612, అంటే 61.2 శాతం. షాట్లలో 52.5, మూడు పాయింట్లలో 40.0, ఫ్రీ త్రోల్లో 91.0 శాతం సాధించి 50-40-90 గీతను మొదటిసారి దాటింది ఆ సీజన్‌లోనే.

0.44 ఎందుకు? సాధారణంగా రెండు ఫ్రీ త్రోలకు ఒక అవకాశం ఖర్చవుతుంది. అలా అయితే 0.5 ఉండాలి. కానీ షాట్ పడ్డాక వచ్చే అదనపు ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్ ఫ్రీ త్రో కొత్త అవకాశాన్ని తినవు, అందుకే అది 0.44కి తగ్గింది. పాత కాలంలో, 1981-82కు ముందు, ప్రత్యర్థి ఫౌళ్ల పరిమితి దాటి పెనాల్టీలో ఉన్నప్పుడు రెండు వేయడానికి మూడు ప్రయత్నాలు ఇచ్చే నియమం ఉండేది. దాంతో హావ్లిచెక్ కాలానికి 0.44 అంత కచ్చితంగా అతకదు. ఒక శాతం లోపు తేడాలతో వాదన గెలవాలని చూడకండి.

ఇప్పుడు లీగ్ సగటును తీసేయాలి. హావ్లిచెక్ 1970-71లో 2,338 పాయింట్లు, 1,982 షాట్లు, 677 ఫ్రీ త్రోలు: 51.3 శాతం. ఆ ఏడు లీగ్ సుమారు 50. తేడా ఒకటికి కాస్త ఎక్కువ. బర్డ్ 61.2, లీగ్ 53.8, తేడా 7.4. టేటమ్ 2022-23లో 2,225 పాయింట్లు, 1,559 షాట్లు, 622 ఫ్రీ త్రోలు: 60.7. లీగ్ 58.1, తేడా 2.6. పియర్స్ సుమారు 58, లీగ్ 53.6, తేడా నాలుగున్నర దరిదాపుల్లో. మెక్‌హేల్ 2,008 పాయింట్లు, 1,307 షాట్లు, 512 ఫ్రీ త్రోలు: 65.5, తేడా 11.7.

బర్డ్ 61.2, టేటమ్ 60.7. అర శాతమే తేడా అని తేల్చేవాళ్లు ఇక్కడే పడిపోతారు. టేటమ్ 60.7 సాధించిన లీగ్‌లో అందరూ బాగానే వేస్తున్నారు, బర్డ్ 61.2 సాధించిన లీగ్‌లో అలా వేసేవాళ్లు కొద్దిమంది. మెక్‌హేల్ అంకె ఇంకా విడ్డూరం. బేస్‌లైన్ (రింగ్ వెనుక గీత) దగ్గర బంతి అందుకుని, భుజం ఒకవైపు తిప్పి, పాదం ఇంకోవైపు మళ్లించే ఆ ఆటతో 60.4 శాతం షాట్లు, 83.6 శాతం ఫ్రీ త్రోలు వేశాడు. ఒకే సీజన్‌లో షాట్లు 60, ఫ్రీ త్రోలు 80 దాటిన మొదటివాడు అతనే. అయితే మెక్‌హేల్‌కు బంతి అందించే పని ఇతరులది, బర్డ్ తన షాట్ తానే సృష్టించుకుని మ్యాచ్‌కు 7.6 అసిస్టులు (సహచరుడి బాస్కెట్‌కు దారితీసే పాసులు) కూడా ఇచ్చాడు. శాతం చెప్పేటప్పుడు పక్కనే అసిస్టుల అంకె కూడా రాయాలనేది ఇందుకే. అదే వరుసలో హావ్లిచెక్ 1970-71లో 7.5, టేటమ్ 2022-23లో 4.6.

మూడు పాయింట్ల విషయంలో ఒక జాగ్రత్త. 1986-87లో ఒక జట్టు మొత్తం మ్యాచ్‌కు సగటున 4.7 ప్రయత్నాలు చేస్తే బర్డ్ ఒక్కడే సుమారు 3 చేశాడు. 2022-23లో జట్టుకు 34.2, టేటమ్‌వి 9.3. తన కాలంతో పోల్చితే బయటి నుంచి ఎక్కువ ధైర్యం చేసింది బర్డే. కానీ "ఇప్పుడు ఆడి ఉంటే రోజుకు పది వేసేవాడు" అంటూ అతనికి లేని పాయింట్లు కలపకండి. హావ్లిచెక్ దూరపు షాట్లకు ఊహించి మూడో పాయింటు ఇవ్వడం కూడా అంతే. జరగని ఆటకు లెక్క లేదు.

6. రీబౌండ్లు

ఇది తొందరగా తేలిపోతుంది. హైన్సన్ కెరీర్ సగటు 8.8 రీబౌండ్లు, టేటమ్ 2022-23 సగటు కూడా 8.8. అంకె ఒకటే, విలువ ఒకటి కాదు. 1961-62లో ఒక జట్టుకు మ్యాచ్‌కు 71 రీబౌండ్లు దొరికేవి, ఎందుకంటే ఆట వేగంగా సాగేది, సగం పైన షాట్లు తప్పేవి. 2022-23లో దొరికినవి 43.4. పట్టుకోవడానికి ఉన్న బంతులే తక్కువైనప్పుడు 8.8 పట్టడం కష్టం. హైన్సన్ పక్షాన రెండు మాటలు చెప్పాలి: అతని కెరీర్ సగటు 29 నిమిషాల పైచిలుకు మాత్రమే, పక్కనే బిల్ రస్సెల్ ఉన్నాడు. రస్సెల్ ఉన్న జట్టులో మిగతావాళ్లకు మిగిలే రీబౌండ్లు కొన్నే.

7. అవార్డులకు పుట్టిన తేదీ ఉంటుంది

పతకాల జాబితా పెట్టి గెలిచేద్దామనుకునేవాళ్లు ఆ అవార్డు ఎప్పుడు మొదలైందో చూడరు. ఫైనల్స్ ఎంవీపీ 1969లో మొదలైంది. హైన్సన్ ఎనిమిది కప్పులూ దానికి ముందువే, కాబట్టి అతని ఖాతాలో అది లేకపోవడం లోటు కాదు. ఆల్-డిఫెన్సివ్ జట్ల (ఆ ఏడు అత్యుత్తమ డిఫెండర్ల జాబితాలు) ఎంపిక 1968-69లో వచ్చింది. హావ్లిచెక్ అప్పటికే ఆరు సీజన్లు ఆడేశాడు, అయినా ఎనిమిది సార్లు ఎంపికయ్యాడు. ఉత్తమ ఆరో ఆటగాడి అవార్డు 1982-83లో వచ్చింది. బెంచి మీద నుంచి వచ్చి మ్యాచ్ మలుపు తిప్పే పాత్రకు పేరు తెచ్చిన హావ్లిచెక్‌కు అది దక్కే వీలే లేదు, మెక్‌హేల్‌కు 1984లో, 1985లో రెండుసార్లు దక్కింది. ఆల్-ఎన్‌బీఏ (ఆ ఏడు లీగ్ అత్యుత్తమ ఆటగాళ్ల జాబితా) మూడో జట్టు 1988-89లో మొదలైంది, కాబట్టి పాతవాళ్లతో పోల్చేటప్పుడు మూడో జట్టు ఎంపికలు పక్కన పెట్టాలి.

అన్ని కాలాల్లోనూ ఉన్నది ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టు, దాన్నే వాడండి. బర్డ్ 9 సార్లు, హావ్లిచెక్ 4 సార్లు, టేటమ్ 2022 నుంచి 2025 వరకు వరుసగా 4 సార్లు, మెక్‌హేల్ ఒకసారి. హైన్సన్, పియర్స్ మొదటి జట్టుకు ఎంపిక కాలేదు. 2023-24 నుంచి స్థానాలతో సంబంధం లేకుండా ఎంపిక చేస్తున్నారు, అది కూడా పక్కన రాసుకోండి. సీజన్ ఎంవీపీ ఈ ఆరుగురిలో బర్డ్‌కే ఉంది, 1984, 1985, 1986 వరుసగా మూడు.

డిఫెన్స్‌కు నమ్మదగిన పాత అంకెలు లేవు. కాబట్టి ఎంపికలు, మ్యాచ్ వీడియోలు, ఈ రెండే ఆధారం.

8. కప్పులను తూకం వేసే పద్ధతి

హైన్సన్ 9 సీజన్లలో 8 కప్పులు. హావ్లిచెక్ 16 సీజన్లలో 8. బర్డ్‌కు 3, మెక్‌హేల్‌కు 3, పియర్స్‌కు 1, టేటమ్‌కు 1. ఈ వరుసతోనే తేల్చేస్తే హైన్సన్ బర్డ్ కంటే గొప్పవాడని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకపోతే మూడు వడపోతలు వేయాలి.

మొదటిది, కప్పుకు ఎన్ని సిరీస్‌లు (ఒకే ప్రత్యర్థితో వరుస మ్యాచ్‌లు) గెలవాలి. హైన్సన్ తొలి కప్పు 1957లో. లీగ్‌లో 8 జట్లే, డివిజన్‌లో మొదటి స్థానంలో ఉన్నవాళ్లకు రెండు సిరీస్‌లు గెలిస్తే చాలు. 1986, 2008, 2024ల్లో నాలుగేసి గెలవాలి. కానీ దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. 8 జట్లలో ఆటగాళ్లంతా ఇరుక్కుని ఉంటారు, బలహీన జట్టంటూ పెద్దగా ఉండదు. మా అభిప్రాయంలో ఇవి రెండూ ఒకదాన్నొకటి సగం కొట్టేసుకుంటాయి, పూర్తిగా కాదు.

రెండోది, ఎలా గెలిచారు. సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో 1986 జట్టు 15 గెలిచి 3 ఓడింది, 2024 జట్టు 16-3, 2008 జట్టు 16-10. మూడు జట్లకూ ఒక్కో కప్పే, కానీ దారి ఒకటి కాదు. 2008లో పియర్స్ జట్టు మొదటి రెండు రౌండ్లలోనూ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి గట్టెక్కింది, ఫైనల్స్ ఎంవీపీ అతనిదే. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యమైనది, పక్కన ఎవరున్నారు. 1957 నుంచి 1969 వరకు బోస్టన్ గెలిచిన 11 కప్పుల్లోనూ రస్సెల్ ఉన్నాడు. హావ్లిచెక్ 8లో ఆరు అతనితో కలిసినవే. మిగిలిన రెండు, 1974, 1976, రస్సెల్ వెళ్లిపోయాక కవెన్స్‌తో కలిసి గెలిచినవి. 1974లో ఫైనల్స్ ఎంవీపీ హావ్లిచెక్. రెండు వేర్వేరు తరాల సెల్టిక్స్ జట్లలో, రెండు వేర్వేరు పాత్రల్లో కప్పు ఎత్తిన ఫార్వర్డ్ ఈ జాబితాలో ఇంకొకడు లేడు. హావ్లిచెక్ స్థానాన్ని మేము ఇంత పైన పెట్టడానికి సెల్టిక్స్ తరఫున అతని 26,395 పాయింట్ల రికార్డు కంటే ఈ రెండు కప్పులే పెద్ద కారణం.

9. ఉన్నప్పుడు, లేనప్పుడు

జట్టు గెలుపోటములు ఆటగాడు రాకముందు, వచ్చాక ఎలా ఉన్నాయో చూడండి. 1978-79లో బోస్టన్ 29 గెలిచి 53 ఓడింది. బర్డ్ వచ్చిన 1979-80లో 61 గెలిచి 21 ఓడింది. 32 విజయాలు పెరిగాయి. 1987-88లో 57 గెలిచిన జట్టు, బర్డ్ మడమ ఆపరేషన్ వల్ల 6 మ్యాచ్‌లే ఆడిన 1988-89లో 42 దగ్గర ఆగిపోయింది.

ఇది ఆకర్షణీయమైన లెక్క, అందుకే ప్రమాదం కూడా. 1979లో బర్డ్‌తో పాటు కోచ్ కూడా మారాడు. 2006-07లో 24 గెలిచిన బోస్టన్ 2007-08లో 66 గెలిచింది, కానీ ఆ 42 విజయాల పెరుగుదల గార్నెట్‌ది, రే అలెన్‌ది, గాయం నుంచి తిరిగొచ్చిన పియర్స్‌ది కలిపి. ఒక్కరి ఖాతాలో వేయకండి. మేము ఈ మెట్టును ఇతర మెట్లు చెప్పిన మాటను సరిచూసుకోవడానికే వాడతాం.

10. గ్రౌండ్‌లోకి దిగి కొలవండి

అంకెలు చేసినంత పని చేసేది సుద్దముక్క. మన కాలేజీ కోర్టుల మీద మూడు పాయింట్ల గీత రింగ్ మధ్య బిందువు నుంచి 6.75 మీటర్లు ఉంటుంది. చాలా ఏళ్ల కిందట గీసిన కోర్టయితే పాత కొలత 6.25 ఉండవచ్చు, ముందు టేపుతో చూసుకోండి. ఎన్‌బీఏ గీత 7.24 మీటర్లు, మూలల్లో సుమారు 6.7.

రింగ్ మధ్య నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, నేల మీద తాకిన చోట గుర్తు పెట్టండి. అదే మీ కేంద్రం. బ్యాక్‌బోర్డు కింద నుంచో, బేస్‌లైన్ నుంచో కొలిస్తే గీత తప్పుతుంది. నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి స్టీల్ టేపే వాడండి. కేంద్రం నుంచి 7.24 మీటర్ల విల్లు గీయండి. మూలల్లో పక్కగీతకు సమాంతరంగా కేంద్రానికి 6.7 మీటర్ల దూరంలో తిన్నని గీత. బేస్‌లైన్ నుంచి సుమారు 4.3 మీటర్ల దగ్గర అది విల్లును కలుస్తుంది. తర్వాత లేన్ మీద రెండు కొలతలు వేయండి: 3.66 మీటర్ల వెడల్పు హైన్సన్ ఆడిన పాత లేన్, 4.88 ఆ తర్వాతిది. ఇప్పటి మన లేన్ 4.9, అంటే రెండోదానికి దాదాపు సమానం. ఇరుకు లేన్ అంచున నిలబడి వెనక్కి తిరిగి హుక్ (చేతిని తల మీదుగా తిప్పి వేసే షాట్) వేయండి, తర్వాత వెడల్పు లేన్ అంచున. పొడుగైనవాళ్లకు అప్పట్లో లోపలి ఆట ఎంత సులువో మీ చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు 5 మీటర్ల నుంచి 20 షాట్లు, 7.24 నుంచి 20 షాట్లు. దగ్గరివి సగం పడితే 20 పాయింట్లు. అదే 20 పాయింట్లు దూరం నుంచి రావడానికి ఏడు పడితే సరిపోతుంది, ఒక పాయింటు మిగులుతుంది కూడా. మూడో వంతు షాట్లు చాలు. కొత్త తరం ఫార్వర్డ్‌లు 5 మీటర్ల చోటును వదిలేసి వెనక్కి జరగడానికి ఈ చిన్న లెక్కే కారణం. పొద్దున్నే చేయండి. మధ్యాహ్నం దాటితే మన తీరప్రాంతంలో సముద్రపు గాలి దూరపు బంతిని పక్కకు నెడుతుంది, ఎండకు సిమెంటు కోర్టు కాలుతుంది.

11. వీడియో చూసేటప్పుడు

హైలైట్లు చూసి తీర్పు ఇవ్వకండి. హైలైట్‌లో తప్పిన షాట్ ఉండదు, ఆలస్యంగా వెనక్కి పరుగెత్తడం ఉండదు. ఒక్కొక్కరివి కనీసం రెండు పూర్తి మ్యాచ్‌లు, వీలైతే ప్లేఆఫ్స్‌వి చూడండి. బర్డ్‌కు 1986 ఫైనల్స్ ఆరో మ్యాచ్ మంచిది: 29 పాయింట్లు, 11 రీబౌండ్లు, 12 అసిస్టులు. ఒక్కో క్వార్టర్‌ను రెండుసార్లు నడపండి. మొదటిసారి బంతిని, రెండోసారి బంతి లేని వేళ మీ ఆటగాడిని మాత్రమే చూడండి. నాలుగు గడులు గీసి అడ్డగీతలు కొట్టుకుంటూ పోండి: బంతి లేకుండా చోటు సంపాదించడం, సహచరుడికి సాయంగా వెళ్లి తన మనిషి దగ్గరికి తిరిగి చేరడం, పాస్ వల్ల తేలిక షాట్ రావడం, ప్రత్యర్థి తనను దాటిపోవడం. బర్డ్ గొప్పతనం మొదటి, మూడో గడుల్లో కనిపిస్తుంది, హావ్లిచెక్‌ది మొదటి రెండింటిలో. టేటమ్ డిఫెన్స్‌ను అంకెలు తక్కువ చేసి చూపిస్తాయి, రెండో గడి చూస్తే తెలుస్తుంది.

కొత్త మ్యాచ్‌లు చూడాలంటే బోస్టన్‌లో రాత్రి 7:30కి మొదలయ్యేది మనకు చలికాలంలో పొద్దున 6 గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి 5 గంటలు. ఆ ఆదివారం దగ్గర అలారం మార్చుకోకపోతే మొదటి సగం పోతుంది.

12. మార్కులు వేయడం

లెక్కలు చూడకముందే బరువులు రాసుకోవాలి. ముందు జవాబు చూసి తర్వాత బరువులు వేస్తే అభిమానం లెక్కలోకి దూరుతుంది. మేము వాడే బరువులు: అత్యుత్తమ ఐదు సీజన్లు 40, కెరీర్ మొత్తం 25, ప్లేఆఫ్స్ 20, డిఫెన్స్ 15. ప్రతి వరుసలో మొదటివాడికి 6, చివరివాడికి 1 ఇచ్చి బరువుతో గుణించి కూడండి.

ఈ బరువులతో మా వరుసలో బర్డ్ మొదట, హావ్లిచెక్ రెండు. బర్డ్ 897 మ్యాచ్‌లు, 24.3 పాయింట్లు, 10.0 రీబౌండ్లు, 6.3 అసిస్టులు, హావ్లిచెక్ 1,270 మ్యాచ్‌లు, 20.8 పాయింట్లు. మూడో స్థానానికి పియర్స్‌ను ఎంచుకుంటాం. బోస్టన్ తరఫున 1,102 మ్యాచ్‌లు, 24,021 పాయింట్లు, చెడ్డ జట్లలోనూ మంచి జట్టులోనూ ఒకే నిలకడ. మెక్‌హేల్ అతని వెంటే ఉంటాడు, 1987లో విరిగిన పాదంతో ప్లేఆఫ్స్ ఆడిన తర్వాత అతని ఆట ముందులా లేకపోవడం కెరీర్ వరుసలో మార్కులు తగ్గిస్తుంది. హైన్సన్ ఆరో స్థానం. ఎనిమిది కప్పుల మనిషికి ఇది కఠినంగా అనిపిస్తుంది, కానీ 40.5 శాతం షూటింగ్ తన కాలంలోనూ సాధారణమే. టేటమ్ అత్యుత్తమ సీజన్లు ఇప్పటికే మెక్‌హేల్, పియర్స్‌ల సరసన నిలుస్తాయి, అతని కెరీర్ వరుస మాత్రం ఇంకా పూర్తికాలేదు. 2025 మేలో అకిలెస్ స్నాయువు తెగింది కాబట్టి ఆ వరుసను ప్రతి సీజన్ చివర తిరిగి లెక్కించాలి.

ఇక పరీక్ష. ఒక బరువును 10 పెంచి ఇంకొకటి 10 తగ్గించి మళ్లీ కూడండి. వరుస మారకపోతే మీ తీర్పు గట్టిది. మారితే ఆ ఇద్దరినీ సమానమని రాయండి. కెరీర్ బరువును 35, 40 దాకా పెంచుతూ పోతే హావ్లిచెక్ బర్డ్ దగ్గరికి వచ్చేస్తాడు. పియర్స్, మెక్‌హేల్, టేటమ్‌లు ప్రతి చిన్న మార్పుకీ చోట్లు మార్చుకుంటారు.

ఇదే పట్టికను మరో ఎన్‌బీఏ జట్టు లేకర్స్‌కు వాడాలంటే రెండు మార్పులు చేసుకోండి. ఆ జట్టు 1960లో మినియాపొలిస్ నుంచి లాస్ ఏంజిలిస్‌కు మారింది, వాళ్ల ఫార్వర్డ్ ఎల్జిన్ బేలర్ రెండు ఊళ్లలోనూ ఆడాడు కాబట్టి జట్టును ఒకటిగానే లెక్కించాలి. అతను 1961-62లో సైనిక విధుల వల్ల 48 మ్యాచ్‌లే ఆడి 38.3 సగటు సాధించాడు. మొత్తం పాయింట్ల వరుసలో ఆ ఏడు చిన్నదిగా కనిపిస్తుంది, మ్యాచ్ సగటు వరుసలో కొండంత. అలాంటి సీజన్ పక్కన ఆడిన మ్యాచ్‌ల సంఖ్య రాయండి.